నూట అరవై ఏడో ఇల్లు

“అమ్మాయ్, నాలుగు విజిళ్లకి స్టవ్ కట్టెయ్. పరధ్యానంలో పడి మాడబెట్టేవు,” అంది అత్తయ్య, టీవీ ముందు నుంచి కదలకుండా.

ఈ ఇంట్లో విజిళ్ల లెక్క నాది. ఎమ్మెస్సీ గణితం ఒక ఏడాది చదివాక పెళ్లయింది. రెండో ఏడాది సంగతి “తర్వాత చూద్దాంలే” అన్నారు మా ఆయన. ఆ తర్వాతకి పదకొండేళ్లు. పదకొండు ప్రధాన సంఖ్య, ఒకటితోనూ తనతోనూ తప్ప దేంతోనూ భాగం పోదు. నా విసుగూ అంతే, ఎవరికీ పంచడానికి వీల్లేదు.

ఆయన కాలేజీలో లెక్కల లెక్చరర్. ప్రతి ఆదివారం వాళ్ల హెడ్ మేడం ఒక పెద్ద సంఖ్య పంపిస్తారు, దాని కారణాంకాలు కనిపెట్టమని. గిన్నెలు తోముతూ నేను చెప్తాను, తడి అంటని చేతులతో ఆయన టైప్ చేస్తారు. మేడం మెచ్చుకుంటే, “ఏదో, అలా తట్టిందండీ,” అంటారు. తట్టింది నాకు, అంట్ల దగ్గర! వచ్చే శనివారం కాలేజీ పిల్లల ముందు ఈ సంఖ్యల మీద ఉపన్యాసం కూడా ఆయనదేనట. అది విన్నప్పట్నుంచీ ఒళ్లు మండిపోతోంది.

ఈ ఆదివారం 9,99,919 వచ్చింది. “నీకేమైనా తట్టిందా?” అన్నారు. “అంట్లున్నాయండీ,” అన్నాను. చూడగానే తట్టింది, చెప్పలేదు. ఇక ఆయనే కాలిక్యులేటర్ పట్టుకుని రెండుతో, మూడుతో, అయిదుతో భాగిస్తూ వందదాకా వెళ్లి చేతులెత్తేశారు. పాపం! వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగిస్తే గానీ తేలదు, అవి నూట అరవై ఎనిమిది. అన్ని ఇళ్లున్న వీధిలో దొంగ నూట అరవై ఏడో ఇంట్లో దాక్కుంటే, ఈయన ఇరవై అయిదో గడప దగ్గరే వీధంతా గాలించేశానని తిరిగొచ్చారు.

ఇంతలో మేడం ఫోన్. స్పీకర్లో పెట్టారు, పొగడ్త ఇల్లంతా వినబడాలి కదా!

“ప్రధాన సంఖ్యేనండీ, పూర్తిగా చూశాను,” అన్నారు ఈయన.

కుక్కర్ ఒక విజిల్ కూసింది, రెండోదీ కూసింది.

“కాదండీ,” అన్నాను వంటింట్లోంచే. “అది పది లక్షలకి ఎనభై ఒకటి తక్కువ. అంటే వెయ్యి వర్గంలోంచి తొమ్మిది వర్గం తీసెయ్యడమే. వెయ్యికి తొమ్మిది తగ్గించండి, తొమ్మిది కలపండి, ఆ రెండూ గుణించండి. 991, 1009.” ఆ 991దే నూట అరవై ఏడో ఇల్లు.

అటువైపు మేడం ఆ రెండూ గుణించి చూసుకున్నట్టున్నారు.

“ఎవరండీ?”

“మా ఆవిడండీ, ఏదో సరదాకి...”

“ఇన్నాళ్ల సరదా కూడా ఆవిడదేనా?”

మా ఆయన గోడ గడియారం వంక చూశారు.

“అమ్మా, శనివారం మీరొచ్చి పిల్లలకి చెప్తారా?”

“వస్తానండీ.”

కుక్కర్ మళ్లీ కూసింది. “అదెన్నోదే?” అరిచింది అత్తయ్య. నిజంగానే నాకు తెలీదు. పదకొండేళ్లలో మొదటిసారి లెక్క తప్పాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

“మీ అబ్బాయి లెక్కల లెక్చరర్ కదా అత్తయ్యా, ఆయన్నడగండి,” అన్నాను చేతులు తుడుచుకుంటూ. “నేను పాఠం తయారు చేసుకోవాలి.”