అత్తగారి గుండె, కోడలి పాఠం

ఏటా గుండె పాఠం వచ్చేసరికి సైన్సు టీచరు తన అత్తగారిని బడికి తీసుకెళ్లేది. అత్తగారు ఇస్త్రీ బట్టలు వేసుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు బయల్దేరేది. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఆయాసపడేది. "వయసు, ఏం చేస్తాం," అని మళ్లీ ఎక్కేది.

తరగతిలో కిటికీలు మూసి, లైట్లు ఆర్పేవాళ్లు. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని శాలువా తీయగానే చీకట్లో గుండె లోపలి గదులతో సహా వెలుగుతూ కనిపించేది. పుట్టినప్పటి నుంచీ అంతే. కరెంటు పోతే ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి ఆవిడ పక్కన కూర్చుని కూరలు తరుక్కునేవాళ్లు. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

టీచరు కర్రతో చూపించేది. "ఒళ్లంతా తిరిగి అలిసిన రక్తం ఇదిగో, కుడివైపు పై గదిలోకి వస్తుంది. కింది గదిలోకి దిగి ఊపిరితిత్తులకి పోతుంది. అక్కడ గాలి అందుకుని, ఎర్రగా నిగనిగలాడుతూ ఎడమవైపు పై గదికి చేరుతుంది. తలుపు తెరుచుకుంటే కిందికి. కింది గది గట్టిగా పిండితే ఒళ్లంతా పరుగే."

"కొంచెం మళ్లీ పైకే పోతోంది టీచర్," అంది ఒక పిల్ల. ఊరికే వదలదు గనక ఆ పిల్లని అందరూ సందేహం అని పిలిచేవాళ్లు.

"కొంచెం వెనక్కి పోతుంది. అది మామూలే."

పుస్తకంలో బాణం ఒకవైపే ఉన్న మాట నిజమే. కానీ ఆ బొమ్మ గీసినవాడు తన అత్తగారిని చూడలేదు కదా అనుకునేది టీచరు. ఏ బడిలోనూ లేని గుండె తమ ఇంట్లో ఉందని ఆమెకి కొండంత గర్వం.

సందేహం పెద్దదై మెడికల్ కాలేజీలో చేరింది. పరీక్షలో రక్తం కొంచెం వెనక్కి పోవడం మామూలేనని చెప్పి, అందరి ముందూ చీవాట్లు తింది. బస్సు దిగి, చేతిలో సంచీతోనే నేరుగా టీచరింటికి వచ్చేసింది.

"ఆ తలుపు పడ్డాక చుక్క కూడా వెనక్కి పోకూడదు టీచర్. మామ్మగారి తలుపు సరిగ్గా పడట్లేదు. ఆ ఆయాసం అందుకే. ఇలాగే వదిలేస్తే గుండె అలిసిపోతుంది. ఆపరేషన్ చేయించాలి."

టీచరు మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్తగారు మాత్రం కదల్లేదు.

"ఆ ఆపరేషన్ బల్ల నేనెక్కను. ఎక్కితే ఇన్నేళ్లూ మా కోడలు తప్పు చెప్పినట్టేగా. దాని పేరు పోగొట్టి నేను బతకాలా?"

కొడుకు బతిమాలాడు. సందేహం ఏడ్చింది. ఆవిడది ఉడుంపట్టు.

మర్నాడు టీచరు అత్తగారి చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్లింది. పిల్లలందరూ వరసల్లో నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు నిలబడి, "నేను చెప్పిన గుండె పాఠం తప్పు," అంది. "మా అత్తగారి గుండెలో తలుపు పాడైంది. నేను అదే సరైనదనుకున్నాను. మీ అన్నలకీ అక్కలకీ కూడా చెప్పండి." తల మాత్రం దించలేదు.

ఈసారి అత్తగారే కోడలి చెయ్యి పట్టుకుంది. "దాచడానికేమీ మిగల్చలేదు కదే తల్లీ. పద, ఆసుపత్రికే పోదాం."

తలుపు బాగుచేశారు. ఆవిడ కోలుకున్నాక మళ్లీ బడికి వచ్చింది. సందేహం కూడా వచ్చి పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. లైట్లు ఆరాయి. ఎడమవైపు కింది గది పిండింది, తలుపు టక్కున పడింది, ఎర్రటి రక్తమంతా ముందుకే ఉరికింది. టీచరు కర్ర ఎత్తి, మూసుకున్న ఆ తలుపుని చూపించింది.

"ఇన్నేళ్లూ తప్పు పాఠమే చెప్పారన్నమాట," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరు, నవ్వుతూనే.

"చెప్పింది," అంది అత్తగారు పీట మీద నిటారుగా కూర్చుని. "పుస్తకంలో ఉన్నట్టు చెప్పుంటే ఈ పిల్ల పరీక్షలో చీవాట్లు తినేదీ కాదు, నా తలుపు సంగతి ఎవరికీ తెలిసేదీ కాదు. మా కోడలు తప్పు చెప్పబట్టే నేనింకా ఉన్నానండీ."