అసలు జల్లెడ

ఆటల పేజీలో వెటకారం రాసి బతికిన ఆ పెద్దమనిషికి పేరూ, మేడా, రెండు సినిమాలూ తెచ్చిపెట్టింది ఒకే ఒక్క పాత్ర, గోల్‌కీపర్ జల్లెడ. ఎవరు తన్నినా బంతి వాడి చేతుల్లోంచి జారిపోవాల్సిందే. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వరూ మరి? ఆ జల్లెడ కల్పనేం కాదు, ఆయన సొంత తమ్ముడు. పాపం, ఒక్క ఫైనల్లో ఒక్క బంతి వదిలాడు, అంతే. మొదటి సినిమా ఆడాక ఏ జట్టూ అతన్ని గడప తొక్కనివ్వలేదు. అప్పటినుంచీ తమ్ముడు అన్నతో మాట మానేశాడు.

ఇప్పుడు మూడో సినిమా తీస్తున్నారు. హీరోకి నడుం పట్టేసింది, డూపు కావాలి. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, అసలు జల్లెడనే పిలిపించారు. సంగతి తెలిసి అన్నగారు, ఆ ముసలాయన, పొద్దున్నే వెళ్ళి మైదానం అంచున కుర్చీ వేసుకు కూర్చున్నాడు. తమ్ముడు ఒక్కసారి అన్నయ్యా అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

తమ్ముడు అన్నను చూసీ చూడనట్టే గ్లోవ్స్ తొడుక్కున్నాడు. పని సులువే, వచ్చిన బంతిని వదిలేయాలి. మొదటిది ఒడిసి పట్టేశాడు. వదలమని చెప్పారు. రెండోదీ పట్టాడు. పక్కకి దూకి మూడోదాన్ని వేళ్ళ కొసలతో ఆపాడు. డైరెక్టర్ తల పట్టుకున్నాడు. ముసలాయన నోరు వెళ్ళబెట్టాడు. అన్నేళ్ళు రాశాడే గానీ, ఆ ఫైనల్ తప్ప తమ్ముడి ఆట ఇంకొక్కటి చూసిన పాపాన పోలేదు. మిగతాదంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని అల్లిందే.

చివరికి గ్లోవ్స్‌కి నూనె రాయించారు. ఈసారి బంతి జారి మొహాన తగిలింది, ముక్కులోంచి రక్తం కారింది. సెట్టంతా ఘొల్లున నవ్వింది. డైరెక్టర్ మాత్రం ఇంకోసారి కావాలన్నాడు.

ముసలాయన పడుతూ లేస్తూ వెళ్ళి రుమాలు చాచాడు. తమ్ముడు దాన్ని తీసుకోలేదు. జిడ్డోడుతున్న చేతుల్నే చూసుకుంటూ మెల్లగా అన్నాడు.

"నువ్వు చూస్తున్నావని పట్టాను అన్నయ్యా. ఇక ఇంటికెళ్ళిపో. నువ్వుంటే ఈ చేతులు మాట వినవు. నాకీ పని కావాలి."

కోరుకున్న పిలుపు దక్కింది. దక్కి ఏం లాభం! ముసలాయన రుమాలు జేబులో కుక్కుకుని తలవంచుకు నడిచాడు. ఇంకా గేటు దాటలేదు, వెనక సెట్టంతా మళ్ళీ పగలబడి నవ్వింది.