సంగటి తిన్న మన్ను

నిమ్మనపల్లెలో వెంకటమ్మకు పొద్దున లేస్తే మొదటి పని, వాకిట్లో పొంగిన మన్నును అరచేత్తో అణచడం. రాగి సంగటి కుండ కడిగిన నీళ్లు రోజూ అక్కడే పోసేది. తెల్లారేసరికి ఆ మన్ను దోసెపిండి మాదిరి జానెడు లేచేది. అణచి, కళ్లాపి చల్లి, ముగ్గేసేది. ఊళ్లో ఎవరికీ అదొక వింత కాదు.

పందొమ్మిదివందల నలభైనాలుగులో వాళ్ల ఎద్దులు రెండూ చచ్చాయి. నేలేమో రాయి. దున్నకుంటే సెనక్కాయలు వేసేదెట్లా? పుంగనూరు మీదుగా కుప్పం పోయి, రైలెక్కి, కోలారు బంగారు గనుల్లో చేరతానన్నాడు మొగుడు రామప్ప. ఆ గనుల్లోకి దిగిన వెంకటమ్మ తమ్ముడు అంజినప్ప మళ్లీ పైకి రాలేదు. ఆమెకు ముద్ద దిగడం మానేసింది.

అప్పుడే జయచంద్ర వచ్చాడు. మదనపల్లె కాలేజీలో సైన్సు చెప్పే ఆయన, నెలకిందట ఆ వాకిటి మన్ను సీసాలో పట్టుకుపోయినాడు.

"పిండి పులియబెట్టే ఈస్ట్ ఒకటి దొరికిందమ్మా దీంట్లో. ఏ చక్కెర తింటుందో తెలిస్తేగానీ జాతి తేలదు. ఐదు రకాలు పెట్టా. ఒక్కటీ ముట్టలేదు."

వెంకటమ్మకు నవ్వాగలేదు. "సక్కెర పెడితే యాల తింటాదప్పా? మేమే ఎరగం దాని మొహం! సంగటి తిని పెరిగిండాది. రాగి అంబలి పోసి సూడు."

మూడోనాడు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "పొంగిందమ్మా! గాజుగొట్టం మూత ఎగిరి పైకప్పుకు తగిలింది. రాగి గంజి మాత్రమే తినేది ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతి! అంతా నీ చలవే."

అంత చదివినాయన, వంగి దండం పెట్టినాడు. ఆమె చూపు మాత్రం చేని మీద ఉండాది.

"అంబలిలో ఈ మన్ను కలిపి పోస్తే, చేను గూడా తింటాదా అప్పా?"

"తినాలి మరి."

ఇంట్లో మిగిలింది రామప్ప దారిబత్తేనికి దాచిన రాగిపిండే. అంతా పలచగా అంబలి కాచి, వాకిటి మన్ను కలిపి, సాయంత్రం కుండలకొద్దీ చేనంతా చల్లింది.

"పిచ్చి పట్టిందా? రేపేం తింటాం?" అరిచాడు రామప్ప.

"ముందు దాన్ని తిననీ."

తెల్లారేసరికి చేనంతా మోకాటెత్తు పొంగింది. రామప్ప చెయ్యి పెడితే మోచేతిదాకా దిగింది. గోరువెచ్చగా ఉంది. దున్నే పనే లేదు, విత్తనం బొటనవేలితో నొక్కితే చాలు. మొగోడు, ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చేశాడు.

తనతో గనులకు రావాల్సిన పక్కింటి మునస్వామి, మూట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నుంచి కేకేశాడు. "రామప్పా, బస్సుకు టైమైతాండాది!"

"నువ్వు పో అప్పా," అన్నాడు రామప్ప కళ్లు తుడుచుకుని, పొంగిన మట్టిని నిమురుతూ. "మా యమ్మ కడుపు నిండిండాది. నేను యాడికీ రాను."