నల్లవైపు నుంచి

ఆ దర్జీ షాపులో కత్తిరింపు బల్ల మీద కొలతల పుస్తకాలు రెండుంటాయి. మొదటిదాంట్లో భుజాలూ నడుములూ ఉంటాయి. రెండోదాంట్లో చదరంగం పజిళ్లు, అన్నీ దర్జీ అత్తయ్య సొంతంగా కట్టినవే. కుట్టాల్సిన బట్టలు రెండు రోజులు ఆలస్యమైతే ఏదో ఒకటి చెప్పి సర్దేస్తుంది గానీ, ఆ రెండో పుస్తకం కనబడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది.

"ఎన్నాళ్లు దాచుకుంటారు అత్తయ్యా, నలుగురికీ చూపిద్దాం," అని కోడలు వెంటపడింది. కోడలు పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. చదరంగంలో ఆమెకు తెలిసింది అంతంత మాత్రమే అయినా, ఫోన్లో మాత్రం దిట్ట. అత్తయ్య మూడేళ్లు కుస్తీ పట్టి కట్టిన పజిల్‌ను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదరంగం సాఫ్ట్‌వేర్‌లో పేర్చి, పజిళ్లు పంచుకునే సైటులో పెట్టింది. కింద "నల్లవి ఆడాలి, మూడు ఎత్తుల్లో ఆట కట్టు" అని రాసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ కోడలు ముఖం వేలాడేసుకుని షాపుకొచ్చింది.

"అత్తయ్యా, మూడు ఎత్తుల్లో కాదు కదా, ముప్ఫై ఎత్తుల్లో కూడా కట్టదంటోంది కంప్యూటరు. కోటగోడ అనే పేరుతో ఎవరో, ముందు ఆట నేర్చుకుని రమ్మని రాశాడు. తీసేయనా?"

అత్తయ్యకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ పజిల్ తప్పయితే పుస్తకంలో మిగతా నలభై కూడా అనుమానమే. అంటే ఇన్నేళ్లూ తనను తానే మోసం చేసుకున్నట్టు.

"తీయకు. ఫోనిలా ఇవ్వు."

చెయ్యి కడుక్కుని కళ్లజోడు పెట్టుకుంది. ముక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పుస్తకంతో ఒక్కొక్క గడీ పోల్చి చూసింది. నల్ల బంటు దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఈ బంటు ఎటు నడుస్తుందే?"

"కిందికి అత్తయ్యా. తెల్లవాళ్లు కింద, నల్లవాళ్లు పైన. బోర్డు ఎప్పుడూ అంతేగా."

"ఎవరు చెప్పారు నీకు?"

చెప్పడానికేముంది, లోకమంతా అలాగే గీస్తుంది. కానీ అత్తయ్యకు ఆట నేర్పింది వాళ్ల అన్నయ్య. తాను పెద్దవాణ్ణంటూ తెల్లవి ఒక్కనాడూ చెల్లెలికి ఇచ్చిన పాపాన పోలేదు. పెళ్లయ్యేదాకా ఆమె నల్లముక్కల వెనకే కూర్చుంది. బోర్డుకు ఇంకో వైపుంటుందని తెలిసినా గీసేటప్పుడు చెయ్యి మాత్రం అటు తిరగలేదు. ఆమె పుస్తకంలో నల్లవాళ్లే కింద. ఇంకొక్క అడుగు వేస్తే చివరి గడి చేరాల్సిన బంటు, కోడలు పేర్చిన బోర్డులో బయల్దేరిన చోటే నిలబడి ఉంది.

"బోర్డు తిప్పి మళ్లీ పేర్చు. నల్లవి మనవైపు."

కోడలు పేర్చింది. సాఫ్ట్‌వేర్ కాసేపు ఆలోచించింది. బంటు చివరి గడికి చేరింది, కానీ అందరూ చేసేలా మంత్రి కాలేదు, గుర్రమైంది. మంత్రయితే తెల్లరాజుకు చెక్ ఉండదు, కదలడానికి చోటూ ఉండదు, ఆట డ్రా అయిపోతుంది. గుర్రమైతే మూడో ఎత్తుకు ఆట కట్టు. అదొక్కటే దారి.

"అమ్మో అత్తయ్యా," అంది కోడలు మెల్లగా. "ఇది మీరే కట్టారా?"

"మరి నువ్వు కట్టావా?" అంది అత్తయ్య. ఆమెకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు.

జరిగిన పొరపాటు రాసి, సరిచేసిన బోర్డును కోడలు మళ్లీ పెట్టింది. సాయంత్రానికి కోటగోడ జవాబొచ్చింది. గంటన్నరసేపు ఆ బంటును మంత్రినే చేస్తూ కూర్చున్నాడట. "క్షమించండి. ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

"నలభై ఉన్నాయని రాయి," అంది అత్తయ్య. చేతిలో గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టింది. "ముందు ఇది మా అన్నయ్యకి పంపించు. బోర్డు మాత్రం తిప్పకు. ఒక్కసారి నా వైపు కూచుని చూడమను."