గాలి ఆడని పెట్టె

మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. తలుపుకి వెంట్రుకవాసి సందు ఉన్నా ఆయనకి నిద్రపట్టదు. ఆ పనితనమే మా దొరసాని ప్రాణం మీదికి తెచ్చింది.

దొరసాని అంటే మనిషి కాదు, చెట్ల మీద బతికే జాతి టరాంటులా సాలీడు. గోరంత ఉన్నప్పుడు తెచ్చి అరచేతంత చేశాను. ఒళ్ళంతా నల్లటి నూగు, కాళ్ళ కొసలు మాత్రం గులాబీ రంగు. పొడుగాటి ప్లాస్టిక్ పెట్టెలో చెట్టు బెరడు నిలబెడితే, పైకొసన గూడు అల్లుకుని అక్కడే ఉంటుంది. కిందికి దిగడం దానికి నామోషీ.

చెల్లి కాన్పుకి వెళ్తూ, "రోజు విడిచి రోజు ఓ పక్కగా కాసిని నీళ్ళు చిలకరించండి, తేమ ఉండాలి," అని ఆయనకి అప్పజెప్పాను. తిరిగొచ్చి చెప్పులైనా విడవకుండా చూస్తే గూడు ఖాళీ. దొరసాని అడుగున బురదలో, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉంది. పెట్టె గోడలన్నీ నీటి చుక్కలు. మూత తీయగానే ముక్కిన వాసన కొట్టింది. గాలి చిల్లులు చూద్దును కదా, ఒక్కటీ లేదు! వాటి మీద ఫ్రిజ్ తలుపు రబ్బరు కత్తిరించి నీటుగా అతికించి ఉంది.

"ఇదేంటండీ?"

"తేమ ఉండాలన్నావుగా. బయటికి పోకుండా సీలు చేశా," అన్నారు, మెచ్చుకుంటానేమోనని చూస్తూ.

"తేమ ఉంచమన్నాను గానీ ఊపిరాడకుండా చేయమన్నానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్య గుమ్మం దాటకుండానే, "పోయినట్టుందమ్మాయ్. పారేసి ఇంకోటి తెచ్చుకోరాదూ?" అంది.

"ఇంకా పోలేదు అత్తయ్యా. నేను పోనివ్వను."

చుట్టూ చిల్లులున్న డబ్బాలో పొడి కాగితం పరిచి, సీసా మూతలో నీళ్ళు పెట్టాను. మెత్తటి కుంచెతో దొరసానిని మెల్లగా అందులోకి జరిపి, నోరు నీళ్ళకి ఆనేలా వదిలాను.

"ఫ్యాన్ వేయనా?" అన్నారాయన.

"వద్దు."

"పోనీ, ఓ బొద్దింకని తెచ్చి వేస్తే?"

"కాలే కదపలేనిదానికి తిండా? ఆ రబ్బరు పీకేసి, మీ డ్రిల్లు తీయండి. పెట్టెకి రెండు పక్కలా, ఎదురెదురుగా చిల్లులు కావాలి. అది దూరలేనంత సన్నగా. గాలి ఇటునుంచి అటు పోవాలి."

బతుకంతా సందులు మూసిన మనిషి, కూర్చుని చిల్లులు పొడిచారు. ఆ ముఖం చూస్తే జాలేసింది గానీ కోపం తగ్గలేదు. నేను బురదంతా పారబోసి, పెట్టె కడిగి ఆరబెట్టి, పొడి కొబ్బరిపొట్టు పోశాను.

సాయంత్రానికి ఒక కాలు చాపింది. మర్నాటికి మూత అంచు పట్టుకుని నీళ్ళ మీదికి వంగింది. పారేయమన్న అత్తయ్యే గంటకోసారి వచ్చి, "తాగిందా?" అని అడగడం మొదలుపెట్టింది. కాస్త తేరుకున్నాక పాత పెట్టెలోకి మార్చాం. రెండ్రోజులు బెరడు మొదట్లోనే కూర్చుంది. నేనూ వంట వేళ తప్ప ఆ గదిలోనే తిష్ట వేశాను.

"ఎక్కిందమ్మాయ్!" అన్న అత్తయ్య కేకకి వంటింట్లోంచి పరిగెత్తాను. దొరసాని బెరడు పైకొసన ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

రెండ్రోజులాగి, కొనుక్కొచ్చిన బొద్దింకని ఆయనే పట్టకారుతో పట్టుకుని లోపల వదిలారు. దొరసాని ఒక్క ఉదుటున అందుకుంది. ఆయన పట్టకారు పక్కన పెట్టి మూత వేశారు.

"నా వల్లే చచ్చిపోయేది కదా?"

"అవును," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మళ్ళీ ఊరెళ్తే దాన్ని ఎవరికైనా ఇచ్చి వెళ్ళు. నాకొద్దు."

"ఎవరికీ ఇవ్వను. మీరే చూస్తారు. రండి, నేర్పుతాను," అని నీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టాను.

ఒక్కసారి చిలకరించి ఆగిపోయి, నా వైపు తిరిగారు. "చాలా?"

"చాలు."