తూనీగ నాడి దిగాలి

"మూత వెయ్ మావయ్యా" అని మేనకోడలు జీను మీది నుంచి కేక వేసింది. మావయ్య చెవికి అది "మేత వెయ్" అని చేరింది. ఆయన తవుడు బకెట్టు అందుకుని, గరిటెతో టంగుటంగుమని కొట్టి, "రావే తూనీగా, విందు రెడీ" అని పిలిచాడు. రోజూ కూరగాయల మార్కెట్‌లో వేలం వేసే గొంతు అది. తూనీగ చెవులు నిక్కబొడుచుకుని, పైనున్న మనిషిని లెక్కచెయ్యకుండా, పందెం ముగిసే గీత దాటి వచ్చి బకెట్టులో మూతి పెట్టబోయింది.

"మేత కాదు మావయ్యా, మూత. పరీక్ష అయ్యేదాకా దానికి తవుడు కనబడకూడదు."

"ఒక్క అక్షరానికి ఇంత కోపమా? ఇదిగో, వేశాను. నా నోటికి తప్ప అన్నిటికీ మూత వేశాను."

తూనీగ ఐదేళ్ల ఆడగుర్రం. దానికి దౌడన్నా ఇష్టమే, తవుడన్నా ఇష్టమే. ఆ రెండిటికీ మధ్య ఆగకుండా ఆడే మావయ్య దవడ. నలభై కిలోమీటర్ల ఓర్పు పందేనికి రావడం ఇదే మొదటిసారి. ఈ పందెంలో గీత దాటితే అయిపోదు. అరగంటలోగా గుర్రం గుండె నిమిషానికి అరవై నాలుగు దెబ్బలకు దిగాలి, ఆపైన కుంటకుండా పరుగెత్తి చూపించాలి. లేకపోతే వచ్చిన దూరమంతా రానట్టే.

గుర్రాల యజమాని పొద్దున్నే చెప్పేశాడు: "పూర్తి చేస్తే నీ దగ్గరే ఉంచి తయారుచేసుకో. చెయ్యలేకపోతే బీచికి పంపేస్తా, పిల్లల్ని మోస్తుంది." దాన్ని పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచి పెంచిన మేనకోడలికి ఆ మాట దారంతా డొక్కలో పొడుస్తూనే ఉంది.

జీను దించారు. మెడ మీద, కాళ్ల మధ్య నీళ్లు పోసి, అరచేతులతో తుడిచేసి, మళ్లీ పోశారు. డాక్టరమ్మ ముందుకు తీసుకెళ్లారు. ఆవిడ గుర్రం ఎడమ మోచేయి వెనక స్టెతస్కోపు ఆనించింది.

"చూడండి డాక్టరమ్మా, నాడాలు నాలుగూ కొత్తవే" అన్నాడు మావయ్య.

"నాడాలు సరే, నాడి బాగాలేదు. డెబ్బై రెండు. ఇంకొక్కసారి చూపించుకోవచ్చు, అంతే. లోపల ఏదైనా తేడా చేసిందేమో కనిపెట్టండి."

 మేనకోడలు తూనీగను నీడలోకి నడిపించి, తన దగ్గరున్న స్టెతస్కోపుతో తనే వినసాగింది. దెబ్బలు నెమ్మదించాయి. ఇంకాస్త నెమ్మదించాయి.

"దిగుతోంది మావయ్యా."

"దిగదా మరి? ఎవరి పిల్ల అది?"

చెవుల్లో దెబ్బలు ఒక్కసారిగా దడదడమన్నాయి. ఆమె తలెత్తి ఆయన వంక చూసింది.

"ఇంకో మాట అను."

"ఏమనమంటావ్?"

మళ్లీ దడదడ. అప్పుడు తెలిసింది. పొద్దునా సాయంత్రం ఆ గొంతు వినబడగానే తవుడొస్తుంది, మార్కెట్‌లో మిగిలిన క్యారెట్లొస్తాయి. గుర్రానికి జబ్బు లేదు. మావయ్య నోరు తెరిచినప్పుడల్లా దాని గుండె విస్తరి ముందు కూర్చుంటోంది.

"నువ్వు కాసేపు అటు వెళ్లిపో మావయ్యా."

ఆయన లారీ చాటుకు వెళ్లాడు. తూనీగ తల తిప్పి, సకిలించి, నేలను తన్నింది. దెబ్బలు ఇంకా పెరిగాయి. ఆమె చేత్తో రమ్మని సైగ చేసింది.

"కనబడకపోతే వెతుకుతోంది, వినబడితే ఎగురుతోంది. నువ్వు కనబడాలి, వినబడకూడదు."

మావయ్య నోరు తెరిచి, మళ్లీ మూశాడు. కళ్లెం తీసింది గుర్రానికి, పడింది ఆయనకు. అరగంట చివరికొస్తోంది. యజమాని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమోయ్ వేలం, నోరు పడిపోయిందే? బీచికి బండి మాట్లాడనా?"

దానికి పది జవాబులు మావయ్య గొంతు దాకా వచ్చాయి. పదీ మింగాడు. మెడ మీద నరాలు తేలాయి.

రెండోసారి డాక్టరమ్మ వంగి స్టెతస్కోపు ఆనించింది. సరిగ్గా అప్పుడే తూనీగ బరువు మార్చుకోబోయి, ముందుకాలు తీసి మావయ్య చెప్పు మీద పెట్టింది. చెప్పులో ఆయన పాదముంది. మేనకోడలు చూసింది. నెడితే గుర్రం బెదురుతుంది, నెట్టకపోతే వేళ్లు నలుగుతాయి. ఆమె చెయ్యి లేచింది. మావయ్య వద్దన్నట్టు తల ఊపాడు. పెదవి పళ్ల కింద తెల్లబడింది. కళ్లలోంచి నీళ్లు కారి మీసాల్లోకి దిగాయి. డాక్టరమ్మ గడియారం చూసుకుంటూ, తొందర లేకుండా లెక్కపెట్టుకుంటూ పోయింది.

"అరవై మూడు. ఇక పరుగెత్తించండి."

గుర్రం అటూ ఇటూ పరుగెత్తి వచ్చింది. ఎక్కడా కుంటలేదు. దాని వెనక మావయ్యే కుంటుకుంటూ వచ్చాడు, చెంపలు ఇంకా తడిగానే. డాక్టరమ్మ సంతకం పెట్టింది.

"ఊరుకోండి, మీ గుర్రానికేం కాలేదు. అంత బెంగేమిటండీ" అంది ఆవిడ.

"వేలంగాడికి ఇంత మెత్తటి మనసుందనుకోలేదు" అన్నాడు యజమాని, గొంతు తగ్గించి. "సరే అమ్మాయ్, పిల్ల నీ దగ్గరే ఉంటుంది."

చుట్టూ చేరినవాళ్లు కూడా అయ్యో పాపమన్నారు. మేనకోడలు ముందు తూనీగ మెడను వాటేసుకుని, ఆ తరవాత అందరివైపూ తిరిగింది.

"బెంగా కాదు, మనసూ కాదండీ. ఇది ఆయన కాలు తొక్కింది. ఆయన గొంతు వింటే దీనికి తవుడు గుర్తొచ్చి గుండె పరుగెడుతుంది, ఇందాక డెబ్బై రెండు అందుకే వచ్చింది. అందుకని కాలు నలుగుతున్నా అరవలేదు."

డాక్టరమ్మ నమ్మనట్టు చూసి, మళ్లీ స్టెతస్కోపు ఆనించింది.

"ఏదీ, ఒక మాట అనండి."

"అబ్బా" అన్నాడు మావయ్య, ఇంతసేపు దాచుకున్నదంతా కలిపి.

ఆవిడ కాసేపు విని, స్టెతస్కోపు చెవుల్లోంచి తీసేసింది.

"డెబ్బై దాటింది. సంతకం అయిపోయింది కదా, ఇక మీ ఇష్టమొచ్చినంత మాట్లాడుకోండి."