గుంటలోకి నీళ్ళొచ్చిన దోవ

కండెలకు నూలు చుడుతూ కూర్చున్నాను. కుడి చేయి రాట్నం తిప్పుతోంది, ఎడమ చేతి వేళ్ళ మధ్య నుంచి ఎర్ర పోగు జారుతోంది. రేపు మగ్గానికి నిలువు పోగుల కొత్త పడుగు ఎక్కుతుంది. ఈలోగా బుట్ట నిండాలి.

మా మగ్గం ముందు గదిలోనే ఉంది. నేలలో నడుము లోతు గుంట. దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు మా నాయన ఆదికేశవులు. తిరుత్తణి చుట్టుపక్కల నేతవాళ్ళు చాలామంది మరమగ్గాలు పెట్టుకుని గుంటలు పూడ్చేశారు. నాయన పూడ్చలేదు. గుంట చల్లదనానికి నూలు తెగదని అంటాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆయన దగ్గర కూర్చుంటే అది నిజమేననిపిస్తుంది నాకు.

పోయిన కార్తీకంలో చెరువు పొర్లి, వీధిలోకి ఎర్రనీళ్ళు వచ్చాయి. మేము ఇంటికి తాళం వేసి బడికి పోయి తలదాచుకున్నాము. తిరిగొచ్చేసరికి వీధిలో నీళ్ళు తగ్గిపోయాయి, మా గుంట మాత్రం నిండుగా ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర పాడైపోయింది. నీళ్ళు గడప దాటి వచ్చాయని నాయన తేల్చేశాడు. గడప బయట మోకాలెత్తు సిమెంటు కట్ట కట్టించాడు. ఆ కట్టను నమ్ముకునే రేపు పడుగు ఎక్కిస్తున్నాడు. ఇంకొక్కసారి గుంట నిండితే ఆయన మళ్ళీ నాడె పట్టి నేయడని అమ్మకు భయం. నాకూ భయమే, కానీ పైకి అనలేదు.

చెన్నైలో ఒక యూనివర్సిటీ నుంచి, వరద పోయాక ఊళ్ళు ఎట్లా కోలుకుంటాయో చదివే ఆమె వస్తుందని పంచాయతీవాళ్ళు ముందే చెప్పారు. ఇప్పుడు ఆమె మా కట్ట దగ్గర నిలబడి, చుడీదార్ పైకి పట్టుకుని, ఎట్లా దాటాలా అని చూస్తోంది. వెనకే ఎదురింటి మునిరత్నం మామ. అమ్మకు తమ్ముడి వరస, ఆయనా నేతగాడే.

"ఏమి బావా, ఇంటికి వచ్చేవాళ్ళకు నిచ్చెన పెట్టలేదే!" అన్నాడు మామ. "కోట కట్టినాడమ్మా మా బావ. ఏనుగు వచ్చినా తిరిగి పోవాల్సిందే."

"నీలాంటోళ్ళు రాకుండానే కట్టినా," అన్నాడు నాయన. "రామ్మా, జాగ్రత్త. మీది యా వూరు?"

"తిరువళ్ళూరేనయ్యా. మా నాయనకు బజార్లో పాత్రలంగడి. నా పేరు విద్యాలక్ష్మి."

"తెలుగోళ్ళేనా! ఇంకేమి, మనింటి పిల్లే," అంటూ అమ్మ చాప పరిచింది.

విద్యాలక్ష్మి కూర్చోలేదు. సంచిలోంచి టేపు తీసి గోడ దగ్గరకు పోయింది. అక్కడ ఆమె చేయి ఆగిపోయింది. గోడ పాలలా తెల్లగా ఉంది.

"అమ్మా, సున్నం ఎప్పుడు కొట్టినారు?"

"నిన్ననే తల్లీ. మీరు వస్తారని."

"నీళ్ళ చార ఏమన్నా ఉండిందా దీని మీద?"

"చారలు గీరలు ఎవరు చూసినారు! వచ్చిన పొద్దే ఇల్లంతా కడిగేస్తిని. వరదనీళ్ళు తాకిన ఇంట్లో దీపం ఎట్లా పెట్టేది?"

"గుంట లోపల?"

"బంకమన్ను మెత్తి, పసుపునీళ్ళు చల్లి, కర్పూరం తిప్పినాము. మగ్గం కదమ్మా, అట్లే విడిస్తే పాపం."

"ఉండే సాక్ష్యమంతా మా అక్క తుడిచి పారేసింది," అన్నాడు మునిరత్నం మామ.

విద్యాలక్ష్మి నవ్వింది. గుంట అంచున గొంతుక్కూర్చుని లోపలి మన్ను తడిమింది. "అయ్యా, నేను తెలుసుకోవాలనుకునేది ఒకటే. చెరువు నీళ్ళు గడప మీదుగా వచ్చినాయా, లేకుంటే భూమిలో నీళ్ళు ఊరి, కింద నుంచి ఎక్కినాయా? పై నుంచి వచ్చుంటే మీ కట్ట చాలు. కింద నుంచి వచ్చుంటే ఎంత కట్ట కట్టినా ఆగవు."

నాయన మొహం బిగుసుకుంది. "కింద నుంచి ఎక్కేదానికి ఇదేమన్నా బావి అనుకుంటివా తల్లీ? గడప దాటే వచ్చినాయి."

"నేను కళ్ళారా చూసినా కదా, దాటినాయి," అన్నాడు మామ.

"నువ్వు యాడ చూస్తివిరా? ఆ పొద్దంతా బడిలో నా పక్కన కూర్చుని ఉప్మా తింటా ఉంటివి."

మామ తల గోక్కున్నాడు. అందరం నవ్వాము. విద్యాలక్ష్మి మాత్రం ఇంకా గుంటలోకే చూస్తోంది. తెలియని దాన్ని అంత శ్రద్ధగా చూసేవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు. నేనూ రాట్నం ఆపి గుంటలోకి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది.

మగ్గం విడిచి ఊరికి పోయేటప్పుడు నాయన పడుగు బిగువు సడలిస్తాడు. లాగి ఉంచితే పోగులు అలిసిపోతాయంటాడు. ఆ రోజు బడికి పోయే తొందరలో కూడా సడలించాడు. సడలిన చీర గుంటలోకి వేలాడి ఉంటుంది. ఆ చీర ఇప్పుడు అటక మీద ఉంది. అమ్మ దాన్ని ఉతకలేదు, గుంట నీళ్ళ మరక ఇంకా దాని మీదే ఉంటుంది. చెడిన గుడ్డను ఇంట్లోనే దాచాలి, బయటివాళ్ళ కంట పడనీయకూడదు అనేది మా పద్ధతి. చూసినవాళ్ళు ఆ నేతగాడిని ఆ గుడ్డతోనే గుర్తుపెట్టుకుంటారట.

"నాయనా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఆ చీర చూపిస్తే?"

అమ్మ నన్ను కళ్ళతోనే కొట్టింది. మామ నాయన వైపు చూసి, తల దించుకున్నాడు. వాళ్ళ ఇంట్లోనూ అటక మీద అలాంటి చెడిన చీర ఉందని నాకు తెలుసు.

నాయన అటక వైపు చూశాడు. "ఏ చీర అయ్యా?" అని విద్యాలక్ష్మి మెల్లగా అడిగింది.

"ఎత్తుకొని రా పాపా," అన్నాడు చివరికి.

పాత లుంగీలో చుట్టిన మూట చాప మీద విప్పాను. పసుపు చీరలోకి అంచు ఎరుపు కారి, మంటలు లేచినట్టు ఉంది. నాయన గోడ వైపు తిరిగాడు.

విద్యాలక్ష్మి అయ్యో అనలేదు. "ఇది గుంటలోకి వేలాడిన పక్కా?" అని అడిగి, చిన్న భూతద్దం పెట్టి చూసింది. "పాపా, రెండు తెల్ల గిన్నెల్లో నీళ్ళు తెస్తావా? మామా, వీధిలో నీళ్ళు తాకిన గుడ్డ ఏదన్నా ఉండాదా మీ ఇంట్లో?"

"మా మెట్టు మీద గోనెపట్ట ఉండాది. ఇంకా ఉతకలేదు. మేము అక్క మాదిరి కాదులే," అంటూ పోయి తెచ్చాడు.

గోనెను ఒక గిన్నెలో, చీర కొనను ఇంకొక గిన్నెలో నానబెట్టి పిండింది. అందరం గిన్నెల మీదికి వంగాము. గోనె గిన్నె అడుగున ఎర్రమన్ను మెల్లగా దిగింది. చీర గిన్నెలో నీళ్ళు రంగు తిరిగాయి, అడుగున మాత్రం ఏమీ దిగలేదు. నేను వేలు పెట్టి చూశాను. నున్నగా ఉంది.

"మన్ను లేదు," అన్నాను.

"లేదు. వీధి నీళ్ళయితే మన్ను దిగుండాలి. ఇది చూడు." చీర మీద ఒకచోట తెల్లగా పొడి కట్టి ఉంది. "భూమిలో నీళ్ళు ఆరితే ఇట్లా ఉప్పు విడుస్తాయి." నాయన వైపు తిరిగింది. "అయ్యా, ఒక్క గుడ్డను చూసి గట్టిగా చెప్పకూడదు. ఇంకో నాలుగిళ్ళలో చూడాలి. కానీ ఈ చీర చెప్పేదాన్ని బట్టి, నీళ్ళు కింద నుంచే ఎక్కినాయి."

"మళ్ళీ ఎక్కుతాయా?" నాయన అడిగాడు.

"అంత వాన మళ్ళీ వస్తే ఎక్కుతాయి. ఎప్పుడు వస్తుందో నాకు తెలీదయ్యా."

మునిరత్నం మామ ఈసారి జోకు వేయలేదు. "అట్లయితే మా ఇంటి చీర కూడా చూడమ్మా," అన్నాడు.

నాయన చాప దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చెడిన చీరను చేతిలోకి తీసుకుని, తెల్లగా ఉన్న చోట గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మొదటిసారి దాన్ని పరాయివాళ్ళు నేసిన గుడ్డలా చూస్తున్నాడనిపించింది.

తర్వాత లేచాడు. నా బుట్టలోంచి ఒక కండె తీసి, పోగు లాగి, మగ్గం పొడవుకు పట్టాడు. ముడి వేశాడు. వెడల్పుకు పట్టి ఇంకొక ముడి. కూర్చునే చోట నుంచి అడుగున ఉన్న చెక్కల దాకా వదిలి, మూడో ముడి. గుంట లేకుండా, నేల మీద కొయ్య చట్రంలో నిలబెట్టే మగ్గానికి కావలసిన కొలతలవి.

"వడ్రంగి తంగరాజు ఇప్పుడు ఇంట్లో ఉంటాడో లేదో," అంది అమ్మ, ఎవరితోనూ కానట్టు. "రేపు పడుగు ఎక్కించేదానికి వీధివాళ్ళను పిలిచి ఉండామే, వాళ్ళకేమి చెప్పేది?"

నాయన పోగు తెంపి, వేలికి చుట్టుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని, కట్ట దాటి, వడ్రంగి ఇంటి వైపు పోయాడు.